బీడులో లేచిన తెల్ల బంతి

మఖ కార్తె మొదలై నాలుగు రోజులైంది. వారం పాటు విడవకుండా పడిన వాన ఆ పొద్దున తెరిపిచ్చింది. నేను హాజరు తీసుకుంటుంటే ఎనిమిదో తరగతి పిల్లాడు ఒకడు గుమ్మం దగ్గర ఆగాడు. చేతుల్లో తువ్వాల మూట. లోపలికొచ్చి, దాన్ని నా టేబుల్ మీద పెట్టి మెల్లగా విప్పాడు.

"మేడమ్, ఇది గుడ్డా, గడ్డా?"

బత్తాయి కంటే కాస్త పెద్దది. మీగడ రంగు. పైన చర్మం, ఎండిన చెరువు నేల బీటలు వారినట్టు, చిన్న చిన్న పలకలుగా పగిలి ఉంది. కిందికి వచ్చేసరికి బొంగరంలా సన్నబడి, చివర మట్టి అంటుకున్న దారం లాంటిదొకటి వేలాడుతోంది. కాడ లేదు, గొడుగు లేదు. వేలితో నొక్కితే లోపలికి పోయి మళ్ళీ మెల్లగా పైకొచ్చింది.

నేను నంద్యాల జిల్లాలో, రోళ్లపాడుకు దగ్గర్లో ఉన్న ఒక పల్లె హైస్కూల్లో బయాలజీ చెప్తాను. రోళ్లపాడు అంటే బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యంగా ప్రకటించిన గడ్డి నేల. ఆ చుట్టుపక్కల ఊళ్లకీ అలాంటి బీళ్లు కొన్ని మిగిలి ఉన్నాయి. చెట్టు తక్కువ, గడ్డి ఎక్కువ. పిల్లాడి వాళ్ళది గొర్రెల మంద. అభయారణ్యంలోది కాదు, ఊరి బీడులోనే దొరికిందని రెండుసార్లు అడిగి నిర్ధారించుకున్నాను. అభయారణ్యంలో నుంచి గడ్డిపోచ తెచ్చినా తప్పే కాబట్టి.

అది గుడ్డు కాదు, గడ్డ కాదు, పుట్టగొడుగుల జాతిదే అని చూడగానే తెలిసింది. డిగ్రీలో గాజు సీసాలో ఉన్న పఫ్‌బాల్‌ని, అంటే పండాక పొడి చిమ్మే గుండ్రటి పుట్టగొడుగుని, చూసి రికార్డులో బొమ్మ వేసిన గుర్తు. కానీ పఫ్‌బాల్ అనేది ఒక ఆకారం, అంతే. పండు అన్నట్టు, గింజ అన్నట్టు. ఏ పఫ్‌బాల్ అన్నదే అసలు ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు దొరకడానికి నాకు దాదాపు నెల పట్టింది.

మొదటి రోజు నేనొక తప్పు చేశాను. ఫోన్‌లో ఉన్న ఒక యాప్‌తో ఫోటో తీస్తే 'జెయింట్ పఫ్‌బాల్' అని వచ్చింది. సంతోషంగా బోర్డు మీద 'కాల్వేషియా జైగాన్షియా' అని రాశాను. పిల్లలందరూ నోట్‌బుక్కుల్లో ఎక్కించుకున్నారు. మధ్యాహ్నం స్టాఫ్ రూమ్‌లో అదే బంతిని పక్క నుంచి ఫోటో తీస్తే ఇంకో పేరు వచ్చింది. తిరగేసి కింది వైపు తీస్తే మూడోది. వస్తువు ఒకటే, పేర్లు మూడు. ఇంటికి వెళ్ళాక చదివితే, ఆ జెయింట్ పఫ్‌బాల్ చల్లని దేశాల పచ్చిక బయళ్లలో ఫుట్‌బాల్ అంత, ఒక్కోసారి ఇంకా పెద్దగా పెరిగే జాతి అని ఉంది. మర్నాడు పిల్లలతో ఆ పేరు కొట్టేయించాను. "పేరు తెలియదు. వెతుకుతున్నాం" అని రాయమన్నాను.

స్టాఫ్ రూమ్‌లో ఆ బంతి చుట్టూ చేరిన వాళ్ళందరిదీ ఒకటే మాట, తినొచ్చా లేదా. మ్యాథ్స్ సార్ ఒక వీడియో చూపించారు. జార్ఖండ్‌లో వానాకాలం రుగ్డా అనే గుండ్రటి పుట్టగొడుగుని సంతలో పోసి అమ్ముతున్నారు. "ఇదీ అదే అయ్యుంటుంది మేడమ్, మాంసం లాగా ఉంటుందట" అన్నారు. రుగ్డా సాల్ చెట్ల వేళ్ళతో కలిసి బతికే శిలీంధ్రం, సాల్ అడవిలో మట్టి తవ్వి ఏరతారు. మా బీడులో సాల్ చెట్టు కాదు కదా, నీడనిచ్చే చెట్టే అరుదు. దేని తోడు లేకుండా అది బతకలేదో ఆ తోడు లేనప్పుడు అది రుగ్డా ఎలా అవుతుంది? గుర్తింపులో చోటు ఎంత ముఖ్యమో నాకు మొదట తట్టింది అక్కడే. ఇంకొకరు, పురుగులు తిన్న పుట్టగొడుగుని మనం కూడా తినొచ్చన్నారు. వెండి చెంచా నల్లబడకపోతే మంచిదేనని మరొకరు. ఈ రెండూ నిజం కావు. మనిషి కాలేయాన్ని పాడుచేసే విషం పురుగుని ఏమీ చేయకపోవచ్చు. ఆ విషానికి వెండితో పనే లేదు.

ఆ మధ్యాహ్నమే క్లాసులో బంతిని కోశాం. తెలియని పఫ్‌బాల్ ఏది దొరికినా మొదట చేయాల్సిన పని అది. అడ్డంగా కాదు, పై నుంచి కిందికి నిట్టనిలువుగా, సరిగ్గా మధ్యలోంచి కోయాలి. ఎందుకంటే ప్రాణాలు తీసే అమానిటా జాతి పుట్టగొడుగులు లేత దశలో ఒక తెల్లటి సంచిలో ముడుచుకుని, చూడటానికి అచ్చం గుడ్డులా ఉంటాయి. నిలువుగా కోస్తే లోపల ముడుచుకున్న చిన్న గొడుగు బొమ్మ కనిపిస్తుంది: టోపీ, కాడ, సన్నటి మొప్పల గీతలు. అడ్డంగా కోస్తే ఆ బొమ్మ తప్పిపోవచ్చు. అమానిటాల్లో డెత్ క్యాప్ లాంటివి తిన్న వెంటనే ఏమీ కాదు. ఆరు గంటల తర్వాత, ఒక్కోసారి అంతకంటే ఆలస్యంగా, వాంతులు విరేచనాలు మొదలవుతాయి. తర్వాత ఒక రోజు తగ్గినట్టే ఉంటుంది. ఆ లోపల కాలేయం దెబ్బతింటూ ఉంటుంది. ఉడికించినా ఆ విషం పోదు. ఈ మాట చెప్తున్నప్పుడు క్లాసు మొత్తం నిశ్శబ్దమైపోయింది. ఆ భయం వాళ్ళకు ఉండాలనే నేను వివరంగా చెప్పాను. అయితే ముట్టుకుంటే ఏమీ కాదు, నోట్లోకి పోతేనే ప్రమాదమని కూడా చెప్పి, చేతులు కడిగించాను.

కత్తి దిగుతుంటే కోవా ముక్క కోస్తున్నట్టే ఉంది. లోపలంతా తెలుపు. గొడుగు బొమ్మ లేదు, మొప్పల గీతలు లేవు. దుర్వాసన గొడుగులు (స్టింక్‌హార్న్‌లు) లేతగా గుడ్డులా ఉన్నప్పుడు లోపల ఉండే జిగురు పొర లేదు. పఫ్‌బాల్‌లాగే కనిపించే ఎర్త్‌బాల్ అయితే తోలు మందంగా, గట్టిగా ఉండి, లోపల చిన్నప్పటి నుంచే ఊదా నలుపు రంగు తిరుగుతుంది, అది కడుపులో వికారం తెచ్చే రకం. ఇది అదీ కాదు, తోలు కాగితమంత పలచన. అయితే ఒక విషయం వెనక బెంచీ అమ్మాయి చూసింది గానీ నేను చూడలేదు.

"మేడమ్, కింద మూడో వంతు వేరేగా ఉంది."

నిజమే. పై భాగం నున్నగా, వెన్నలా ఉంది. కింది భాగం సన్న రంధ్రాలతో ఇడ్లీ ముక్కలా ఉంది. రెంటికీ మధ్య చాలా పల్చటి గీత. ఆ గీతకు ఎంత విలువుందో నాకప్పుడు తెలియదు. బొమ్మ మాత్రం వేయించాను.

సగం ముక్కని ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో దాచాను. రెండో రోజుకి అది కుళ్ళి, నీరు కారి, స్టాఫ్ రూమ్ అంతా వాసన. పుట్టగొడుగుల్ని కాగితంలోనే చుట్టాలి, గాలి ఆడాలి. ఆ నమూనా అలా పోయింది.

బడి వదిలాక పిల్లాడితో బీడుకి వెళ్ళాను. ఎర్రమట్టి, మధ్యలో గులకరాళ్లు, చీలమండ ఎత్తు గడ్డి. చుట్టూ చూస్తే ఒకే ఒక వేపచెట్టు, అదీ చాలా దూరంలో. తెల్ల బంతులు మొత్తం పదకొండు, చెల్లాచెదురుగా లేవు. కొడవలి వంపులా ఒక వరసలో ఉన్నాయి. ఆ వంపు పొడవునా గడ్డి మిగతా చోట్ల కంటే ముదురు పచ్చగా, ఒక బెత్తెడు ఎత్తుగా ఉంది. నేల కింద శిలీంధ్రం దారాలు చుట్టూ పాకుతూ, ఎండిన ఆకూ వేరూ కుళ్ళబెడుతూ పోతే, అందులోని నత్రజని గడ్డికి అందుతుంది. అందుకే అంచున గడ్డి అంత ఏపుగా ఉంటుంది. ఇలా పుట్టగొడుగులు వలయంగా లేచే బొమ్మని పుస్తకంలో చూసి ఎన్నోసార్లు పాఠం చెప్పాను. కాళ్ళ కింద చూడటం అదే మొదలు.

పిల్లాడి అవ్వ గొర్రెల్ని మళ్ళిస్తూ మా దగ్గరికి వచ్చింది.

"ఏటా ఈ పక్కనే లేస్తాయమ్మా. ఎండినాక పిల్లోళ్లు తొక్కి పొగ లేపుతారు."

"తినరా అవ్వా?"

"పుట్టకొక్కులైతే తింటాం. పుట్ట మీద లేచేటివి. ఇవి మా అమ్మ తినలేదు, నేనూ తినలేదు."

చెదపురుగులు తమ పుట్టలో పెంచుకునే శిలీంధ్రం నుంచి లేచేవి ఆ పుట్టకొక్కులు. అవ్వ వాటిని తరతరాలుగా గుర్తుపడుతూ వచ్చింది. తెలియని దాని జోలికి పోలేదు. ఆ రోజు నేను విన్న మాటల్లో అన్నిటికంటే గట్టి మాట అదే అనిపించింది.

అక్కడే గడ్డిలో నల్లటి చిప్ప ఒకటి కాలికి తగిలింది. కొబ్బరి పెంకో, ఎండిన పేడో అనుకుని పక్కకి జరిపేశాను. దాని సంగతి తర్వాత చెప్తాను.

పదకొండులో మూడింటి పక్కన కందికట్టె పుల్లలు పాతి, నంబర్లు కట్టి, వాటిని ఎవరూ ముట్టొద్దని పిల్లలతో చెప్పాం. ఎందుకంటే నేను చదివిన ప్రతి పుస్తకంలోనూ ఒకటే మాట ఉంది: లేత తెల్ల పఫ్‌బాల్‌కి జాతి పేరు పెట్టడం చాలా కష్టం, పండిన తర్వాత లోపలి పొడి రంగు చూడాలి. అంటే ఇక చేయాల్సింది ఎదురుచూడటమే. రోజు విడిచి రోజు సాయంత్రం పిల్లలు వంతులవారీగా వెళ్ళి చూసి రాసేవాళ్ళు.

నాలుగో రోజుకి పైభాగం లేత గోధుమ రంగుకి తిరిగింది. ఏడో రోజున, నంబరు కట్టని ఒకదాన్ని కోశాం. లోపల తెలుపు పోయి పసుపు పచ్చ, నీరు కారుతూ, ముక్కు దగ్గర పెడితే పులిసిన వాసన. ఈ దశలో తింటే కడుపు పాడవడం ఖాయం. తినదగ్గ పఫ్‌బాల్స్ కూడా లోపల పూర్తిగా తెల్లగా ఉన్నంతసేపే తింటారు. పదో రోజు రెండో నంబరు బర్రె గిట్ట కింద నలిగిపోయింది. పిల్లలు చాలా బాధపడ్డారు. పదమూడో రోజు పెద్ద వాన. మూడోది సగం కుళ్ళింది. మిగిలింది ఒక్కటి. దానికేమవుతుందో అని నాకు నిజంగానే టెన్షన్‌గా ఉండేది. రాత్రి ఉరుము వినిపిస్తే మొదట గుర్తొచ్చేది అదే.

ఇరవయ్యో రోజున పిల్లాడు పరిగెత్తుకుంటూ వచ్చాడు. పైతోలు పెచ్చులు పెచ్చులుగా ఊడిపోతోందట. వెళ్ళి చూస్తే, మొదటి రోజు చూసిన ఆ బీటల వెంబడే పగిలి, పెంకులు రాలి, లోపల మెత్తటి పొడి బయటపడింది. పక్కనున్న పిల్లలు అలవాటుగా తొక్కబోతే ఆపాను. ఆ పొడి ఎక్కువగా పీలిస్తే ఊపిరితిత్తుల్లో వాపు వస్తుంది. 1994లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఎనిమిది మంది టీనేజర్లు పఫ్‌బాల్ పొడి పీల్చి, జ్వరం, దగ్గు, ఆయాసంతో జబ్బుపడ్డారు, వాళ్ళలో ఐదుగురు ఆసుపత్రిలో చేరాల్సి వచ్చింది. గాలికి వీపు పెట్టి, ముక్కుకి గుడ్డ కట్టుకుని, తెల్ల కాగితం మీదికి కొంచెం తట్టుకున్నాం.

స్టాఫ్ రూమ్ ట్యూబ్‌లైట్ కింద అది మామూలు గోధుమ రంగు పొడిలా కనిపించి, నేను నిరాశపడ్డాను. మర్నాడు పొద్దున ఎండలో కాగితం విప్పితే అసలు రంగు తెలిసింది. నేరేడు పండు తిన్న నాలుక రంగులో కొంచెం ఇటుక పొడి కలిపినట్టు ఉంది. ఊదా. ఆ ఒక్క రంగుతో నా జాబితా సగానికి పైగా తగ్గింది. జైగాన్షియా పొడి ఆలివ్ ఛాయ గోధుమ రంగు. చెట్ల కింద ఎక్కువగా కనిపించే కాల్వేషియా క్రేనిఫార్మిస్ అనే ఇంకో పఫ్‌బాల్‌ది పసుపు కలిసిన గోధుమ. ఊదా పొడి, పచ్చిక నేల, ఈ పరిమాణం అంటే నా దగ్గర మిగిలినవి రెండే పేర్లు: కాల్వేషియా సయాథిఫార్మిస్, కాల్వేషియా ఫ్రాజిలిస్.

రెండింటినీ వేరుచేసేది అడుగు భాగం. ఫ్రాజిలిస్‌లో అడుగున ఆ స్పాంజి లాంటి భాగం అసలుండదు, ఉన్నా చాలా కొంచెం. సయాథిఫార్మిస్‌లో అది పెద్దగా ఉండి, పై పొడంతా గాలికి పోయాక కప్పులా మిగులుతుంది. ఆ పేరు కూడా గ్రీకులో కప్పు అనే మాట నుంచే వచ్చింది. అది చదువుతూ ఉండగా వెనక బెంచీ అమ్మాయి వేసిన గీత గుర్తొచ్చింది. ఆ వెంటనే బీడులో నేను కాలితో జరిపేసిన చిప్ప గుర్తొచ్చింది.

ఆదివారం ఒక్కదాన్నే బీడుకి వెళ్ళాను. గంట వెతికితే దొరికింది. కొబ్బరి పెంకు కాదు. నిరుటి పఫ్‌బాల్ అడుగు. తేలికగా, తోలులా, అంచులు చిరిగిన కప్పులా, లోపల ఇంకా ఊదా మరక. దాని పక్కనే ఇంకో మూడు ఉన్నాయి. ఒక ఏడాదిగా అవన్నీ అక్కడే ఉన్నాయి. మొదటి రోజే నా కాలికి తగిలిన జవాబు అది.

రంగూ అడుగూ కుదిరాయి గానీ, సూక్ష్మదర్శినిలో చూడకుండా పేరు రాయడానికి మనసు ఒప్పుకోలేదు. బడి మైక్రోస్కోప్‌లో గుండ్రటి చుక్కలు తప్ప ఏమీ తెలియలేదు. కర్నూలులో డిగ్రీ కాలేజీలో బోటనీ చెప్పే నా క్లాస్‌మేట్ దగ్గరికి పొట్లం తీసుకెళ్ళాను. నేను పొడిని నీటి చుక్కలో వేస్తుంటే తను ఆపింది.

"ఉత్త నీళ్లలో వేస్తే తేలిపోతుందే. ముందు ఒక చుక్క ఆల్కహాల్‌తో తడుపు."

నూనె చుక్క వేసి చూసే పెద్ద లెన్స్ కింద ఫోకస్ కుదిరేసరికి పది నిమిషాలు పట్టింది. కుదిరాక నేను చాలాసేపు కళ్ళు తీయలేదు. గుండ్రటి సిద్ధబీజాలు, అంటే శిలీంధ్రానికి విత్తనాల్లాంటివి, ఒంటి నిండా చిన్న చిన్న ముళ్లు, అచ్చం ఉమ్మెత్తకాయలు. వాటి మధ్య జిల్లేడు దూదిలా పొడవాటి దారాలు. ఇరవై సిద్ధబీజాల్ని కొలిచాం. ఐదు నుంచి ఏడు మైక్రాన్ల మధ్య వచ్చాయి. అంటే మిల్లీమీటరులో నూట నలభై నుంచి రెండు వందల దాకా వరసగా పడతాయి. ఒక జెయింట్ పఫ్‌బాల్‌లో ఏడు లక్షల కోట్ల సిద్ధబీజాలు ఉంటాయని బుల్లర్ అనే శాస్త్రవేత్త లెక్కగట్టాడు. మాది అంత పెద్దది కాదు. అయినా ఆ చిటికెడు పొడిలో ఎన్ని ఉన్నాయో ఊహించడానికే భయం వేసింది.

ఫోటోలు, కొలతలు, చోటు వివరాలు అన్నీ కలిపి, శిలీంధ్రాల మీద పనిచేసే ఒక ప్రొఫెసర్‌కి పంపాం. ఆయన వెనక్కి అడిగినవి నాలుగే ప్రశ్నలు. దగ్గర్లో చెట్లున్నాయా? అడుగు ఎంత భాగం? పొడి రంగు ఎండలో చూశారా? ఎండిన నమూనా దాచారా? నాలుగింటికీ మా దగ్గర జవాబుంది. అప్పుడు ఆయన, ఇది కాల్వేషియా, సయాథిఫార్మిస్ అయ్యే అవకాశమే ఎక్కువ అన్నారు. ఈ పేరు మొదట 1811లో బాస్క్ అనే శాస్త్రవేత్త పెట్టింది, లైకోపెర్డాన్ అనే ప్రజాతిలో, అంటే దగ్గరి జాతుల గుంపులో. 1890లో మోర్గన్ అనే ఇంకో శాస్త్రవేత్త దాన్ని కాల్వేషియాలోకి మార్చాడు. కానీ ప్రపంచమంతా ఆ ఒక్క పేరు కింద పడుతున్నవన్నీ ఒకటే జాతి అని చెప్పాలంటే డీఎన్‌ఏ చూడాలి. అందాకా 'సయాథిఫార్మిస్‌ను పోలినది' అని రాసుకోండి అన్నారు.

మొదట కొంచెం వెలితిగా అనిపించింది. తర్వాత ఆలోచిస్తే, ఆ 'పోలినది' అనే మాట యాప్ ఇచ్చిన మూడు పేర్ల కంటే నాకు ఎక్కువ నచ్చింది. మాకు ఎంత తెలుసో అంతే చెప్తోంది.

ఇక తినే సంగతి. సయాథిఫార్మిస్ లేతగా, లోపల తెల్లగా ఉన్నప్పుడు తినదగినదేనని పుస్తకాల్లో ఉంది. మ్యాథ్స్ సార్ ఆ పేజీ నాకే చూపించారు. కానీ తినదగ్గ దశలో దాని పేరు గట్టిగా చెప్పలేం. పేరు గట్టిగా చెప్పగలిగేసరికి అది పొడి. అదీ కాక, వానలకు మన పచ్చికల్లోనూ లాన్లలోనూ లేచే పెద్ద గొడుగు, క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్, మొగ్గగా ఉన్నప్పుడు దూరం నుంచి తెల్ల బంతిలాగే కనబడుతుంది. అది తిన్న కొన్ని గంటల్లోనే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. వంద మంది పిల్లలున్న బడిలో "తినొచ్చు" అనే మాట నా నోటి నుంచి వస్తే, రేపు ఏ ఇంట్లో ఏ బంతి పొయ్యి మీదికెక్కుతుందో నేను చెప్పలేను. అందుకే చెప్పలేదు. మేం ఎవరం తినలేదు.

పేరు అర్థాలు చెప్పినప్పుడు మాత్రం క్లాసు గోలగోలైంది. కాల్వేషియా అనే మాట లాటిన్‌లో బట్టతల నుంచి వచ్చింది. దాని పాత ఇంటిపేరు లైకోపెర్డాన్‌కి గ్రీకులో తోడేలు పిత్తు అని అర్థం. ఆ రెండు పేర్లు ఇక వాళ్ళు జన్మలో మర్చిపోరు.

మిగిలిన కప్పుల్లో ఒకదాన్ని, కొంచెం పొడిని ఎండబెట్టి కాగితపు పొట్లంలో పెట్టాం. మీద తేదీ, బీడు పేరు, ఎర్రమట్టి, చెట్టు లేదు, వలయంలో పదకొండు, పొడి ఊదా అని పిల్లాడి చేతే రాయించాను. పోయే ముందు వలయం అంచున ఏడు చోట్ల గులకరాళ్లు కుప్ప పెట్టి వచ్చాం. 1917లో కొలరాడో గడ్డి నేలల్లో శాంట్జ్, పీమైసెల్ అనే ఇద్దరు ఇలాంటి వలయాల్ని కొలిచి, అవి ఏటా బయటి వైపుకి జరుగుతాయని రాశారు. మాది జరుగుతుందో లేదో చూద్దామని.

మళ్ళీ ఏడాది ఆశ్లేష కార్తెలో వానలు పడ్డాయి. తొమ్మిదో తరగతికి వచ్చిన పిల్లాడు ఒక పొద్దున గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఈసారి చేతుల్లో ఏమీ లేదు.

"మేడమ్, లేచినాయి. పీకలేదు. టేపు తీసుకొని రాండి."

రాళ్ళ కుప్పల నుంచి కొలిస్తే జానెడు మీద రెండు వేళ్ళు బయటికి వచ్చాయి. ఈసారి పదమూడు ఉన్నాయి.